తమ్ముడి వాదనకు నా దగ్గర జవాబు లేదు

ప్రశ్న: నా వయసు 29. తమ్ముడికి 22. చిన్నప్పటి నుంచి చదువరి, మాటకారి. ఈ మధ్య మా ఇద్దరికీ మాదకద్రవ్యాల మీద వాదన మొదలైంది. "నా శరీరం నాది. దానిలోకి ఏది పోవాలో చెప్పడానికి ప్రభుత్వం ఎవరు? మద్యం, సిగరెట్లు అమ్ముకోనిచ్చి గంజాయిని నేరమనడం ఏమి న్యాయం? నిషేధం వల్ల ముఠాలు బాగుపడ్డాయి తప్ప ఒక్కరైనా మానేశారా?" అంటాడు. చట్టం ఒప్పుకోదంటే చట్టమే తప్పంటాడు. ఆరోగ్యం పాడవుతుందంటే అది నా సమస్య అంటాడు. నాకు కోపం వస్తుంది కానీ జవాబు రాదు. వాడి మాటల్లో పొరపాటు ఎక్కడుంది? అసలు ఉందా? ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇది వాడికి ఉత్త వాదనేనా అని నాకు అనుమానంగా ఉంది. నాన్నకు చెప్పమంటారా?
— ఒక అక్క

సమాధానం: మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. రెండుసార్లు మీ తమ్ముడి వాదన కోసం, మూడోసారి మీ చివరి రెండు వాక్యాల కోసం. వాటి దగ్గరికి తప్పకుండా వస్తాను. కానీ ముందు వాదన సంగతి చూడాలి. దాన్ని దాటేసి నేరుగా బుద్ధులు చెప్పడానికి దిగితే అతను మీ మాట చెవిన పెట్టడు. ఇరవై రెండేళ్ల వయసులో నేనూ అలాంటి మాటకారినే. నా వాదనలో లొసుగు చూపించిన వాళ్లను గౌరవించాను. "పెద్దయ్యాక నీకే తెలుస్తుంది" అన్నవాళ్లను ఒక్కరిని కూడా లెక్క చేయలేదు.

మీకు రుచించని మాట ముందే చెప్పేస్తాను. మీ తమ్ముడు అన్నవాటిలో చాలావరకు నిజం. ఒకచోట తొందరపాటు ఉంది, ఒకచోట గెంతు ఉంది. ఆ గెంతు చాలా చక్కగా వేశాడు కాబట్టి మీకు కనబడలేదు.

"నా శరీరం నాది" అనే వాదన మొన్న పుట్టింది కాదు. 1859లో ఇంగ్లండుకు చెందిన తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ దానికి గట్టి రూపం ఇచ్చాడు. ఒక మనిషి మీద సమాజం బలప్రయోగం చేయడానికి ఒకే కారణం చెల్లుతుందన్నాడు: అతను ఇతరులకు హాని చేయకుండా ఆపడం. "నీ మంచికే" అనేది చాలదు. బతిమాలవచ్చు, నచ్చజెప్పవచ్చు, పోట్లాడవచ్చు, బలవంతం మాత్రం చేయకూడదు. ఇది తీరిక వేళ రాసుకున్న తత్వం కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 1851లో మద్యాన్ని నిషేధించింది. అలాంటి చట్టమే ఇంగ్లండుకూ కావాలని అప్పట్లో ఉద్యమం నడుస్తోంది. ఆ ఉద్యమాన్ని ఎదుర్కొంటూ రాసిన మాటలివి.

మీ తమ్ముడు మిల్‌ను చదివి ఉంటే సగంలో ఆపేశాడని నా అనుమానం. మిగతా సగం ఇంకా రుచిగా ఉంటుంది. విషాల అమ్మకం గురించి మిల్ ఏమన్నాడంటే, వాటిని నిషేధించవద్దు, కానీ సీసా మీద ప్రమాదమని రాసి ఉండాలి, ఎవరు ఎంత కొన్నారో, ఎందుకు కొన్నారో అమ్మినవాడు పుస్తకంలో రాసుకోవాలి. తాగాడన్న ఒక్క కారణంతో ఎవరినీ శిక్షించకూడదు, కానీ కాపలా విధిలో ఉన్న సైనికుడో పోలీసో తాగితే శిక్షించాలి. తాగి ఒకసారి ఎవరినైనా కొట్టినవాడిపై, అతనొక్కడికే వర్తించేలా ప్రత్యేక ఆంక్ష పెట్టవచ్చు. తాగుడులో పడి పిల్లలను పోషించనివాడిని శిక్షించవచ్చు. అయితే ఆ శిక్ష తాగినందుకు కాదు, పిల్లలను పస్తు పెట్టినందుకు. ఇక పసివాళ్లకు ఈ స్వేచ్ఛా సూత్రం వర్తించనే వర్తించదు. చూశారా, స్వేచ్ఛకు అంత పెద్ద పీట వేసిన మనిషే దాని చుట్టూ ఎన్ని గీతలు గీశాడో.

ఇక్కడ మీకు ఒక జవాబు తడుతుంది: "అది నీ సమస్య ఎలా అవుతుంది? ఆసుపత్రి ఖర్చు జనం మీదే కదా పడేది!" దయచేసి ఈ మాట వాడవద్దు. ఇది పైకి గట్టిగా కనిపించే పుచ్చుకర్ర. ఆ లెక్కన కొండలెక్కేవాళ్లనూ, బైకు వేగంగా నడిపేవాళ్లనూ, అతిగా తినేవాళ్లనూ జైలుకు పంపాలి. మీ తమ్ముడు అర నిమిషంలో ఆ మాట అనేస్తాడు, అతని మాటే నెగ్గుతుంది.

మీరు పట్టుకోవలసిన కొస వేరే ఉంది. మిల్ ఇంకొకటి కూడా అన్నాడు. ఒక మనిషి తనను తాను బానిసగా అమ్ముకుంటానని ఒప్పందం రాసిచ్చినా అది చెల్లదు. స్వేచ్ఛను శాశ్వతంగా వదిలేసుకునే స్వేచ్ఛ అంటూ ఉండదు. మద్యం విషయంలో ఈ సూత్రాన్ని మిల్ వాడలేదు. కానీ నిషేధాన్ని సమర్థించేవాళ్లకు ఉన్న బలమైన అస్త్రం ఇదే. వ్యసనం ఎంపికను మింగేస్తుంది కదా, ఎంపికే లేనివాడికి హక్కు ఏమిటని వాళ్ల ప్రశ్న.

దీనికి నేను సిద్ధాంతంతో జవాబు చెప్పలేను. నేను పంతొమ్మిదేళ్లు సిగరెట్లు కాల్చాను. ప్రతిసారీ అగ్గిపుల్ల గీసింది నా చెయ్యే, ఎవరూ నెత్తిన కూర్చుని గీయించలేదు. ఒక రాత్రి ఇక చాలనుకుని పెట్టెను చెత్తబుట్టలో పడేశాను. తెల్లవారకముందే లేచి, దీపం వేస్తే ఇంట్లోవాళ్లకు తెలుస్తుందని చీకట్లోనే అదే బుట్టలో చెయ్యి పెట్టి తడుముకున్నాను. ఆ చీకట్లో ఎంచుకున్నది నేనేనా? అవునని చెప్పడానికి నోరు రాదు. కాదని చెబితే సాకు అవుతుంది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లకు మానేసిందీ నేనే కాబట్టి పూర్తిగా బానిసనని చెప్పుకోవడానికీ లేదు. వ్యసనం స్వేచ్ఛను ఒక్క దెబ్బతో చంపదు. కొరుక్కుతింటుంది. రోజుకు ఇంత అని.

అయితే అందరినీ తినదు. మీరు మీ తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఇది దాచవద్దు, ఎందుకంటే అతనికి తెలిసే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి సుమారు 29.2 కోట్ల మంది ఏదో ఒక మాదకద్రవ్యం వాడారు. వాళ్లలో వ్యసన రుగ్మత ఉన్నవాళ్లు 6.4 కోట్లు. ఐదుగురిలో ఒకరికి కాస్త పైన. అంటే వాడినవాళ్లలో ఎక్కువమంది బానిసలు కారు. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికుల్లో దాదాపు ఐదోవంతు అక్కడ హెరాయిన్ లాంటి వాటికి అలవాటు పడ్డారు. వాళ్లు ఇల్లు చేరాక ఏమయ్యారో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంటబడి చూసింది. తొలి ఏడాదిలో మళ్లీ ఆ ఊబిలో దిగినవాళ్లు వందకు ఐదుగురు మాత్రమే. ఊరు మారింది, తోడు మారింది, భయం పోయింది. పదార్థం ఒక్కటే మనిషిని పట్టుకోదు, మనిషి ఉన్న స్థితి కూడా పట్టిస్తుంది.

ఐదుగురిలో నలుగురు బాగానే ఉంటారు కదా అని మీ తమ్ముడు అంటాడు. ఆ ఐదో మనిషి మొదటిరోజు తాను ఐదో మనిషినని తెలిసి మొదలుపెట్టడు. అతను కూడా నలుగురిలో ఒకడిననే అనుకుంటాడు.

సరే, వ్యసనం వల్ల స్వేచ్ఛ తగ్గుతుందని ఒప్పుకున్నా, దానికి జైలు మందు ఎలా అవుతుంది? బానిసను విడిపిస్తామని చెప్పి బానిస చేతులకే సంకెళ్లు వేయడం గోరుచుట్టు మీద రోకలిపోటు. ఈ ప్రశ్నకు నిషేధవాదుల దగ్గర నాకు నచ్చిన జవాబు ఇంతవరకు దొరకలేదు. ఉన్నవాళ్లను శిక్షించకపోతే రాబోయేవాళ్లకు భయం ఉండదంటారు. అంటే ఒకరిని ఇంకొకరి కోసం శిక్షిస్తున్నామని ఒప్పుకున్నట్టే.

మీ తమ్ముడు ప్రస్తావించని వాదన ఒకటి ఉంది. హక్కుల వైపు నుంచి నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది అదే. దొంగతనం జరిగితే ఫిర్యాదు చేయడానికి సొమ్ము పోయినవాడు ఉంటాడు. కొట్లాటలో దెబ్బ తిన్నవాడు ఉంటాడు. గంజాయి అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ ఇష్టపడే చేస్తారు, ఇద్దరిలో ఎవరూ పోలీసు స్టేషన్ గడప తొక్కరు. ఫిర్యాదీ లేని నేరాన్ని పట్టుకోవాలంటే ప్రభుత్వం ఏం చేయాలి? జేబులు తడమాలి, సంచులు విప్పించాలి, ఫోన్లు వినాలి, స్నేహితుల్లోనే వేగులను తయారు చేయాలి, పోలీసే కొనుగోలుదారు వేషం వేయాలి. చట్టం మత్తు మీదే కానీ దాని చెయ్యి పడేది వాడనివాళ్ల జేబుల మీద కూడా. ఎవరి జేబులు ఎక్కువగా తడుముతారన్నది ఇంకో కథ. అమెరికా 1986లో చేసిన చట్టంలో 5 గ్రాముల క్రాక్ కొకైన్‌కు పడే కనీస శిక్షే పొడి కొకైన్‌కు పడాలంటే 500 గ్రాములు ఉండాలి. క్రాక్ అంటే పొగలా పీల్చే గడ్డ కొకైన్, రెండూ మూలంలో ఒకటే సరుకు. క్రాక్ కేసుల్లో చిక్కినవాళ్లలో అత్యధికులు నల్లజాతివాళ్లు. ఒకటికి వంద ఉన్న ఆ తేడాను 2010లో ఒకటికి పద్దెనిమిదికి తగ్గించారు. తగ్గించారు, తీసేయలేదు.

నిషేధం చేసే రెండో హాని గురించి మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది. దొంగచాటుగా తరలించే సరుకు చిన్న మూటలో పెద్ద మత్తు ఇవ్వాలి. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం నడిచినప్పుడు పీపాల బీరు తగ్గిపోయి ఘాటు సారాయిలు రాజ్యమేలాయి. ఎవరూ తాగకూడదని పారిశ్రామిక ఆల్కహాల్‌లో ప్రభుత్వమే విషం కలిపించింది. అయినా తాగారు, చచ్చారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఈనాడు అమెరికాలో చాలావరకు హెరాయిన్ స్థానంలోకి వచ్చిన కృత్రిమ మత్తుమందు ఫెంటానిల్ దానికన్నా సుమారు యాభై రెట్లు శక్తి గలది. రెండు మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవు. కొన్నవాడికి తాను కొన్నదేమిటో తెలియదు, అమ్మినవాడికి కూడా చాలాసార్లు తెలియదు. మిల్ కోరిన సీసా మీది చీటీ నిషేధం ఉన్నచోట ఉండదు.

అయితే నిషేధం వల్ల ఒక్కరూ మానలేదన్న మాట తప్పు. తొందరపాటు అన్నది దీన్నే. మద్యనిషేధం నడిచిన ఆ పదమూడేళ్లలో, ముఖ్యంగా తొలి రోజుల్లో, అమెరికాలో తాగుడు బాగా తగ్గింది. కాలేయం చెడి చనిపోయేవాళ్ల సంఖ్యా తగ్గింది. 15 గ్రాములు మించిన హెరాయిన్ రవాణాకు ఉరిశిక్ష వేసే సింగపూర్‌లో వాడకం నిజంగానే తక్కువ. నిషేధం పనిచేయదని చెప్పడం సులువైన మాట. కొంత పనిచేస్తుంది, దానికి కట్టే వెల ఎంతన్నదే ప్రశ్న. ఆ వెలను ఉరికంబంతో చెల్లించాలంటే నేను ఒప్పుకోను. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనవసరం లేదు.

ఇప్పుడు గెంతు దగ్గరికి వద్దాం. "నిషేధం చెడ్డది, కాబట్టి వాడడం నా హక్కు, కాబట్టి వాడడంలో తప్పు లేదు." మూడు వాక్యాలు ఒకే ఊపిరిలో చెబితే ఒకటే మాటలా వినిపిస్తాయి. మూడూ వేరు. మొదటిది విధానం గురించి, రెండోది హక్కు గురించి, మూడోది జీవితం గురించి.

మొదటిదాని నుంచి రెండోది రాదని జర్మనీ కథ చూస్తే తెలుస్తుంది. 1994లో గంజాయి కేసు ఒకటి అక్కడి రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. మత్తులో మునిగే హక్కు అంటూ ఏదీ లేదని కోర్టు తేల్చేసింది. అదే తీర్పులో, సొంత వాడకానికి కొద్దిగా ఉంచుకున్నవాళ్ల మీద కేసులు నడపడం అతి అవుతుందనీ చెప్పింది. సరిగ్గా 30 ఏళ్లకు, 2024 ఏప్రిల్‌లో, పెద్దవాళ్లు 25 గ్రాముల దాకా దగ్గర పెట్టుకోవచ్చని చట్టసభే అనుమతి ఇచ్చింది. హక్కని ఎవరూ అనలేదు. శిక్షించడం తెలివైన పని కాదని మాత్రమే అన్నారు.

అన్ని కోర్టులూ ఇలా అనలేదు. మీ తమ్ముడికి ఆసరా ఇచ్చే తీర్పులూ ఉన్నాయి. అలాస్కా సుప్రీంకోర్టు 1975లోనే ఇంట్లో కూర్చుని కొద్దిపాటి గంజాయి వాడడం వ్యక్తిగత గోప్యతలోకి వస్తుందంది. కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం 1994లో, మెక్సికో సుప్రీంకోర్టు 2015లో మనిషి తన వ్యక్తిత్వాన్ని తనకు నచ్చినట్టు తీర్చిదిద్దుకునే హక్కు పేరుతో అలాంటి మాటే చెప్పాయి. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2018లో మళ్లీ గోప్యత దారి పట్టింది. ఈ తీర్పుల పొలిమేరలు గమనించండి. అలాస్కా తీర్పు పెద్దవాళ్లు, సొంత ఇల్లు, సొంత వాడకం దగ్గర గీత గీసింది; దక్షిణాఫ్రికా తీర్పు ఇంటి బదులు నలుగురి కంటపడని చోటు అంది. అమ్మకాన్ని వీటిలో ఏ కోర్టూ హక్కుగా నిలబెట్టలేదు.

అమ్మకం అనగానే "మద్యం, సిగరెట్లు అమ్మడం లేదా" అంటాడు. ఆ వాదన రెండువైపులా పదునున్న కత్తి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019లో మద్యం 26 లక్షల ప్రాణాలు తీసింది. పొగాకు ఏటా 70 లక్షలకు పైగా మందిని చంపుతోంది. ఈ రెండూ అనుమతి ఉన్న సరుకులే. అనుమతి ఇస్తే ప్రమాదం పోతుందని చెప్పడానికి ఇంతకన్నా పనికిరాని సాక్షులు ఉండరు. 1996లో అమెరికాలో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర బజారులోకి వచ్చింది. వైద్యుడి చీటీతో, పూర్తిగా చట్టబద్ధంగా. అలవాటు పడే ప్రమాదం తక్కువని తయారీ కంపెనీ పర్డ్యూ ఫార్మా ఊదరగొట్టింది. అది తప్పుదోవ పట్టించే ప్రచారమని 2007లో దాని అనుబంధ సంస్థ కోర్టులో నేరం ఒప్పుకుంది. ఆ మాత్రలతో మొదలైన వరద తర్వాత హెరాయిన్‌లోకి, ఆపై ఫెంటానిల్‌లోకి దారి తీసింది. 2021లో ఆ దేశంలో అధిక మోతాదు మరణాలు లక్ష దాటాయి. ముఠాకు తుపాకీ ఉంటుంది, కంపెనీకి ప్రకటనల విభాగం ఉంటుంది. కొనేవాడు అలవాటు పడితేనే ఇద్దరికీ లాభం.

అయినా పొగాకు కథలో నాకు నచ్చే భాగం ఒకటుంది. 1965లో అమెరికా వయోజనుల్లో సుమారు 42 శాతం సిగరెట్ తాగేవారు. ఇప్పుడు 12 శాతం కూడా లేరు. ఒక్కరినీ జైలుకు పంపకుండా పన్ను వేసి, ప్రకటనలు ఆపి, నలుగురు కూర్చునేచోట కాల్చనివ్వకుండా, పెట్టె మీద నిజం రాసి తగ్గించారు. నిషేధానికీ విచ్చలవిడి బజారుకూ మధ్య ఇంత చోటు ఉంది. మీ ఇద్దరి వాదనలో ఈ మధ్యచోటు ఎక్కడా కనిపించలేదు. మీరు ఒక గట్టున, అతను ఇంకో గట్టున నిలబడి అరుచుకుంటున్నారు.

ఆ మధ్యచోటులో ఇల్లు కట్టుకున్న దేశం పోర్చుగల్. 2001 జూలై నుంచి అక్కడ పది రోజుల వాడకానికి సరిపడే సరుకు దగ్గరుంటే అది నేరం కాదు. ఒప్పు కూడా కాదు. పట్టుబడినవాడు సరుకు వదులుకోవాలి, చిన్న సంఘం ముందు కూర్చోవాలి. అక్కడ న్యాయం తెలిసినవాళ్లు, మనస్తత్వం తెలిసినవాళ్లు, సంక్షేమ కార్యకర్తలు ఉంటారు. అవసరమైతే చికిత్సకు దారి చూపిస్తారు. అమ్మడం ఇప్పటికీ నేరమే. సూదులు పంచుకోవడం వల్ల వచ్చే హెచ్‌ఐవీ కొత్త కేసులు అక్కడ వందల నుంచి పదుల్లోకి పడిపోయాయి. దాన్ని చూసి అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2020లో ఓటు వేసి, 2021 ఫిబ్రవరి నుంచి అదే బాట పట్టింది. పట్టుబడితే 100 డాలర్ల జరిమానా, సహాయ కేంద్రానికి ఫోను చేస్తే అదీ మాఫీ. ఫోను చేసినవాళ్లు బహు కొద్దిమంది. చికిత్సకు ఇస్తామన్న డబ్బు సమయానికి అందలేదు, సరిగ్గా అప్పుడే ఫెంటానిల్ ఊళ్లోకి దిగింది. 2024 సెప్టెంబరులో దగ్గర పెట్టుకోవడం మళ్లీ నేరమైంది. శిక్ష తీసేయడం సంతకంతో అవుతుంది. దాని స్థానంలో మనిషిని పట్టుకునే చెయ్యి పెట్టాలంటే ఏళ్లు పడుతుంది, డబ్బు పడుతుంది.

స్విట్జర్లాండ్ ఇంకా దూరం వెళ్లింది. 1994 నుంచి, వేరే ఏ చికిత్సా పనిచేయని హెరాయిన్ బానిసలకు నర్సు కళ్ల ముందు ప్రభుత్వమే హెరాయిన్ ఇస్తోంది. 2008లో ప్రజలు 68 శాతం ఓట్లతో దాన్ని సమర్థించారు. వేళకు వెళ్లి, వరుసలో నిలబడి, ఆసుపత్రి గదిలో తీసుకునే హెరాయిన్‌లో తిరుగుబాటు ఏమీ మిగలదు. మీ తమ్ముడికి ఈ సంగతి చెప్పండి, అతని ముఖం చూడాలని నాకు సరదాగా ఉంది.

ఇక మూడో వాక్యం. మీకు జవాబు దొరకనిది నిజానికి ఇక్కడే. "అది నా సమస్య" అని అతను అన్నప్పుడల్లా మీరు నోరు మూసుకుంటున్నారు. హక్కు అనేది ప్రభుత్వం ముందు నిలబడి చెప్పే మాట. పోలీసుతో "నీకేమిటి పని" అనవచ్చు. అక్కతో ఆ మాట అంటే, తలుపు మూయడం అవుతుంది కానీ వాదన నెగ్గడం అవదు. బలవంతాన్ని కాదన్న మిల్ బతిమాలడాన్ని, నచ్చజెప్పడాన్ని కాదనలేదని పైన చెప్పాను. ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలని మీ తమ్ముడు కోరుకుంటే, ఖాళీ అయిన ఆ చోటులోకి వచ్చి నిలబడవలసింది మీలాంటివాళ్లే.

కాబట్టి మీరు వాదన ఓడిపోండి. నిజంగానే చెబుతున్నాను. "నిషేధం గురించి నువ్వన్నదాంట్లో చాలావరకు నిజమే" అని ఒప్పుకోండి. అతను గెలవడానికి తెచ్చుకున్న కత్తులన్నీ ఒక్కసారిగా పనిలేనివైపోతాయి. ఆ నిశ్శబ్దంలో అడగండి: "నువ్వు ఏదైనా వాడుతున్నావా?" నిందలా కాదు, ఆరా తీసినట్టూ కాదు. జ్వరం ఉందా అని అడిగినట్టు. గది సోదా చేయవద్దు, ఫోను తెరవవద్దు. ఫిర్యాదీ లేని నేరం గురించి నేను రాసిన పేరా ఇంటికి కూడా వర్తిస్తుంది.

అవునంటే, ఏది, ఎంత, ఎప్పటి నుంచి, ఎవరితో అన్నది నెమ్మదిగా తెలుసుకోండి. అప్పుడప్పుడు గంజాయి అయితే ఒక రకం, మాత్రలూ పొడులూ అయితే ఇంకో రకం. గంజాయి విషయంలోనూ రెండు సంగతులు అడగండి. ఒంటరిగా వాడుతున్నాడా, అది లేకుండా నిద్ర పడుతోందా. మీ కుటుంబంలో ఎవరికైనా తీవ్రమైన మానసిక జబ్బు ఉండి ఉంటే, ఘాటైన గంజాయి కుర్రవయసులో దాన్ని తట్టి లేపగలదని అతనికి తెలియాలి. చట్టం తప్పయినా పట్టుకునేది ఆ చట్టమేననీ చెప్పండి. స్నేహితుడి కోసం ఒక పొట్లం తెచ్చిపెడితే చాలా దేశాల్లో అది వాడకం కిందికి రాదు, సరఫరా అవుతుంది. మిల్ వచ్చి సాక్ష్యం చెప్పడు.

మానాలనుకుంటే మానసిక వైద్యుడి దగ్గరికో వ్యసన చికిత్సా కేంద్రానికో తోడు వెళ్లండి. గదిలో పెట్టి తాళం వేసి మాన్పిస్తామనే సలహా ఎవరైనా ఇస్తే వినవద్దు. మద్యం, నిద్రమాత్రలు లాంటివి ఒక్కసారిగా ఆపితే మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

వాడడం లేదని అంటే నమ్మండి. అబద్ధమైతే రెండోసారి అడగడానికి దారి తెరిచే ఉంటుంది.

నాన్నగారి సంగతి. ఇప్పుడే చెప్పవద్దు. అతనికి 22 ఏళ్లు, అనుమానం మీదే నడుస్తున్నారు, మీ మీద అతనికి ఉన్న నమ్మకమే ప్రస్తుతం మీ చేతిలో ఉన్న ఒకే ఒక పనిముట్టు. కానీ సూదులు, నల్లమందు జాతి (హెరాయిన్, ఫెంటానిల్ లాంటి) మాత్రలు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పొడి అని తెలిస్తే, లేని గొంతులు వినిపిస్తున్నాయంటే, బతకాలని లేదన్న మాట వస్తే, ఆ రోజే నాన్నగారికీ వైద్యుడికీ చెప్పండి. అతని అనుమతి కోసం ఆగవద్దు. ఒకవేళ ఎప్పుడైనా పిలిస్తే పలకకుండా, ఊపిరి మందగించి, పెదవులు నీలంగా మారి కనిపిస్తే నిద్రపోతున్నాడని వదిలేయకండి. వెంటనే అంబులెన్స్‌ను పిలిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, వచ్చేదాకా ఊపిరి చూస్తూ ఉండండి. ఏమి వాడాడో వైద్యుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాలోక్సోన్ అనే మందు సమయానికి పడితే నల్లమందు జాతి మత్తును నిమిషాల్లో దించుతుంది.

తర్వాత అతనికి మీ మీద కోపం వస్తుంది. రానివ్వండి.